పంచే చెయ్యి

నా రెండు చేతుల్నీ తొడల కింద పెట్టుకుని
వాటి మీద కూర్చోవడం,
ఇదీ నా ఉద్యోగం, మంగళవారం పది గంటలకి.
ఎదుట గ్వెన్‌లియన్. పన్నెండేళ్లు.
కిటికీ అవతల స్వాన్సీ అఖాతం మీద
ఇవాళ కూడా అదే తుంపర.

మెడ ఎముక కింద, చర్మం లోపల
అగ్గిపెట్టంత బ్యాటరీ.
అక్కణ్ణించి చెవి వెనగ్గా పాకి
మెదడు లోతుకి దిగిన రెండు తీగలు.
"రాత్రి ఫోనూ నేనూ పక్కపక్కనే చార్జింగ్" అంటుంది.
"ఫోనే ముందు నిండుతుంది."

ఆపరేషన్ అయిన ఆర్నెల్లకి
మెడ నిలబడింది. నిద్ర నిలబడింది.
వాళ్ల నాన్న రోడ్డు పక్కన లారీ ఆపి
ఫోన్లో ఏడ్చాడట.
ఆ తరువాత అందరూ ఎదురుచూశారు,
చెయ్యి కూడా దానంతటదే
అన్నీ నేర్చేసుకుని వస్తుందని.

రాలేదు.
పదేళ్లు మెలిపడి బతికిన చేతికి
మెలి వదిలాక ఏం చెయ్యాలో ఎవరు చెప్పారు?
కరెంటు గోల ఆపగలదు గానీ
గోల ఆగిన ఇంట్లో ఏ గిన్నె ఎక్కడుందో
కరెంటుకేం తెలుసు.

మొదటి రోజు అడిగాను, నీకేం చెయ్యాలనుందని.
"గుండీలు..." అంది వాళ్లమ్మ.
నేను అమ్మ వైపు చూడలేదు.
చాలాసేపటికి పిల్ల నోరు విప్పింది.
"పేక పంచాలి.
ఎప్పుడూ అన్నే పంచుతాడు.
నా ముక్కలు కూడా ఇడ్రిసే పట్టుకుంటాడు. చూస్తాడు.
చూడలేదంటాడు."

కాగితం మీద రాసుకున్నాం.
పేక పంచడం: ఇప్పుడు పదికి ఒకటి.
ఎంతొస్తే చాలు? ఆరు.
కాసేపాగి, ఆరు కొట్టేయించి ఏడు వేయించింది.

ఇక ఆ గదిలో నాలుగే మాటలు. ఏం కావాలి,
ఎలా చేద్దాం, చెయ్యి, అయిందా.
జవాబులు నాకు తెలుసు. అదే కష్టం.
మోచెయ్యి ఎక్కడ ఆనించాలో
నా నాలిక చివరే కూర్చుని ఉంటుంది.
నాలికని కూడా తొడల కిందే పెట్టుకోవాలి.
చేతకాదు అన్న మాటని మేం నిషేధించలేదు.
అలిసిపోయినప్పుడు ఇద్దరం వాడుకుంటాం.

మూడో వారం పేకంతా నేల మీద.
నాలుగో వారం పేకంతా నేల మీద, పైన ఒక తిట్టు,
వెల్ష్‌లో, వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది.
ఏరడానికి వంగబోయి ఆగాను.
బల్ల కింద కళావరు రాణి
వెల్లకిలా పడి నన్నే చూస్తోంది.

"ఎందుకు పడ్డాయంటావ్?"
"చెయ్యి వల్ల."
"చెయ్యి ఏం చేస్తుండగా?"
అప్పుడు చూసింది తన చేతిని.
ఎప్పటిలా పగవాణ్ణి చూసినట్టు కాదు,
కారే కుళాయిని ప్లంబరు చూసినట్టు.

"గట్టిగా పట్టుకుంటున్నా.
గట్టిగా పట్టుకుంటేనే మణికట్టు తిరుగుతోంది."
సముద్రపు కాకి ఒకటి రెయిలింగు మీద వాలి, లేచిపోయింది.
"అయితే పట్టుకోను."

పట్టుకోలేదు.
ముతక తువాలు పరిచి దాని మీద పేక పెట్టి
మోచేతిని బల్ల అంచుకి నొక్కి
(నేననుకున్న చోట కాదు, ఇంకో చోట)
ఒక్క వేలితో పై ముక్కని తోసింది.
జారింది. ఆగింది. ఇంకోటి.

ఎనిమిదో వారం ఇడ్రిస్ వచ్చాడు.
పద్నాలుగేళ్లు, జేబుల్లో చేతులు.
నలుగురం. తలా ఏడు ముక్కలు.
ముందు ఎవరి చెయ్యి ఖాళీ అయితే వాళ్లదే ఆట.
పంచడానికే పదకొండు నిమిషాలు.
ఒక ముక్క తిరగబడింది. ఎవరూ సర్దలేదు.
అన్న చెయ్యి రెండుసార్లు జేబులోంచి పైకొచ్చి
రెండుసార్లు వెనక్కి పోయింది.
చెప్పాలనిపించింది: బాబూ, దీనికే
నాకు జీతమిస్తారు.

వాడు ముక్కలు లెక్కపెట్టుకున్నాడు. ఎనిమిది.
మళ్లీ లెక్కపెట్టాడు.
చెల్లెలి ముందు ఆరు.
గ్వెన్‌లియన్ మెడ నిటారుగా పెట్టి
కిటికీలోంచి తుంపర చూస్తోంది.
"చెయ్యి జారింది" అంది.